ఊరి క్లబ్బు ఎవరిది?

ఫుట్‌బాల్ ఆట గురించి మీరు వినే ఉంటారు. టీవీలో చూసి కూడా ఉంటారు. ఒక్కో జట్టులో 11 మంది ఆడతారు. బంతిని కాలితో తన్నాలి. తలతో కొట్టవచ్చు. చేత్తో ముట్టకూడదు. గోలు ముందు నిలబడే ఒక్క గోల్‌కీపరు మాత్రమే చేత్తో పట్టుకోవచ్చు. ఆట 90 నిమిషాలు సాగుతుంది. ఎదుటివాళ్ళ గోలులోకి ఎక్కువసార్లు బంతి కొట్టిన జట్టు గెలిచినట్టు.

ఆట ఇంతే. కానీ ఆ ఆట వెనక ఒక క్లబ్బు ఉంటుంది. మైదానం ఉంటుంది. డబ్బు లెక్కలు ఉంటాయి. అందుకే తగాదాలూ ఉంటాయి. అలాంటి ఒక పెద్ద తగాదా ఇంగ్లండు దేశంలో జరిగింది. ఆ సంగతి ఈ పాఠంలో చదువుదాం.

వింబుల్డన్ పేట

ఇంగ్లండు రాజధాని లండన్. ఆ నగరంలో నైరుతి దిక్కున వింబుల్డన్ అనే పేట ఉంది. టెన్నిస్ పోటీల వల్ల ఆ పేరు లోకమంతా తెలుసు. ఆ టెన్నిస్ చూడడానికి రాజులూ రాణులూ వస్తారు. ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి వేరు. అది మామూలు జనం క్లబ్బు.

1889లో ఒక బడిలో చదువుకున్న కుర్రాళ్ళు కలిసి ఆ క్లబ్బు పెట్టారు. ఊరి ఉమ్మడి బయలులో ఆడేవారు. 1912 నుంచి ప్లవ్ లేన్ అనే వీధిలో వాళ్ళకు సొంత మైదానం ఏర్పడింది. చాలా ఏళ్ళు అది చిన్న క్లబ్బుగానే ఉంది. తర్వాత తర్వాత పైకి వచ్చింది. 1988లో ఎఫ్.ఏ. కప్పు అనే పెద్ద పోటీలో చివరి ఆటదాకా వెళ్ళింది. ఎదుట ఉన్నది లివర్‌పూల్. అప్పట్లో ఆ దేశంలో దానికి మించిన జట్టు లేదు. వింబుల్డన్ ఓడిపోతుందనే అందరూ అనుకున్నారు. 1-0 తేడాతో వింబుల్డనే గెలిచింది.

అంత గెలిచిన క్లబ్బుకు మూడేళ్ళు తిరగకముందే నిలువ నీడ లేకుండా పోయింది. ఎందుకంటే పాత మైదానం చిన్నది. కొత్త నిబంధనలకు సరిపోలేదు. 1991లో ఆ జట్టు ఇంకో క్లబ్బు మైదానంలో అద్దెకు చేరింది. ఆ పాత మైదానాన్ని 1998లో ఒక సూపర్ మార్కెట్ కంపెనీకి అమ్మేశారు. ఆ అమ్మకం మీద అభిమానుల మాట చెల్లలేదు. వాళ్ళు టిక్కెట్లు కొనేవాళ్ళే గానీ యజమానులు కాదు కదా!

క్లబ్బును తీసుకుపోయారు

2001లో క్లబ్బు యజమానులు ఒక ప్రకటన చేశారు. క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే ఊరికి మారుస్తాం అన్నారు. ఆ ఊరు వింబుల్డన్‌కు దాదాపు 90 కిలోమీటర్ల దూరం. కొత్తగా కట్టిన పట్టణం. అక్కడ పెద్ద క్లబ్బు లేదు. స్టేడియం కట్టిస్తామని అక్కడివాళ్ళు ముందుకు వచ్చారు. వింబుల్డన్‌లో నష్టం వస్తున్నది, అక్కడికి పోతే లాభం వస్తుంది. యజమానుల లెక్క అది.

అభిమానుల లెక్క వేరు. తాతలు చూసిన ఆట. తండ్రులు భుజాల మీద ఎక్కించుకుని చూపించిన ఆట. దాన్ని ఒక అంగడి లాగా మూసి ఇంకో ఊళ్ళో తెరుస్తామంటే ఎలా ఊరుకుంటారు? ఊరేగింపులు చేశారు. టిక్కెట్లు కొనం అన్నారు. ఉత్తరాలు రాశారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్‌ను నడిపే పెద్ద సంఘం ఒకటి ఉంది. దాన్ని ఎఫ్.ఏ. అంటారు. ఆ సంఘం తీర్పు చెప్పడానికి ముగ్గురు మనుషులను వేసింది.

2002 మే 28న తీర్పు వచ్చింది. ముగ్గురిలో ఇద్దరు యజమానుల వైపు చెప్పారు. ఒకరు వద్దన్నారు. ఇద్దరి మాటే నెగ్గింది.

ఆ తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. అభిమానులు కలిసి మళ్ళీ కింది నుంచి ఒక కొత్త క్లబ్బు పెట్టుకుంటే ఫుట్‌బాల్‌కు దానివల్ల మేలు లేదని రాశారు. ఆ మాట అభిమానులకు ములుకులా గుచ్చుకుంది. ఆట పెద్దలు వద్దన్న పనే వాళ్ళు చేసి చూపించారు.

బయట్లో ఎంపిక

తీర్పు వచ్చిన రెండు మూడు రోజులకే వింబుల్డన్ సామాజిక భవనంలో సభ జరిగింది. కొత్త క్లబ్బు పెట్టాలని తీర్మానం అయింది. దానికి ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అని పేరు పెట్టారు.

క్లబ్బు అయితే పుట్టింది. కానీ ఆడడానికి మనిషి లేడు. మైదానం లేదు. చొక్కాలు లేవు. ఏ పోటీలో ఆడాలో తెలియదు. జూన్ 29న ఊరి బయట్లోనే ఎంపిక పెట్టారు. ఆడగలిగినవాళ్ళు రండి అని పిలిచారు. 230 మంది వచ్చారు. అంటే ఉన్న చోట్లకంటే వచ్చినవాళ్ళు 20 రెట్లు ఎక్కువ. 113 ఏళ్ళ కిందట పాత క్లబ్బు ఆడడం మొదలు పెట్టింది కూడా ఈ బయట్లోనే.

జూలై 10న మొదటి ఆట. స్నేహపూర్వకంగా పక్క ఊరి జట్టుతో ఆడారు. నాలుగు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడారు. అయినా ఆ రోజు ఆట చూడడానికి 4,600 మందికి పైగా వచ్చారు. గెలుపు కోసం వచ్చినవాళ్ళు కాదు వాళ్ళు. తమ జట్టు మళ్ళీ మైదానంలో దిగితే చాలు అనుకుని వచ్చారు.

మెట్ల వరస

ఇక్కడ లీగు అంటే ఏమిటో తెలుసుకోవాలి. లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

కొన్ని జట్లను ఒక గుంపుగా చేస్తారు. ఆ గుంపులో ప్రతి జట్టు మిగతా ప్రతి జట్టుతోనూ రెండుసార్లు ఆడుతుంది. ఒకసారి తన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో. ఆగస్టులో మొదలుపెడితే ఏప్రిల్, మే నెలలదాకా ఆటలు సాగుతాయి. దీన్నే లీగు అంటారు.

గెలిస్తే 3 పాయింట్లు. ఇద్దరూ సమంగా నిలిస్తే చెరి 1 పాయింటు. ఓడితే ఏమీ రాదు.

ఒక లెక్క చేయండి. ఒక జట్టు 10 ఆటలు ఆడింది. 6 గెలిచింది. 2 సమం అయ్యాయి. 2 ఓడింది. ఎన్ని పాయింట్లు వచ్చాయి? గెలిచినందుకు 18, సమం అయినందుకు 2. మొత్తం 20. ఇంకో జట్టు కూడా 10 ఆడింది. 5 గెలిచింది, 5 సమం అయ్యాయి. ఒక్కటీ ఓడలేదు. దానికి ఎన్ని? 15కు 5 కలపండి. అదీ 20. ఒక్కటీ ఓడని జట్టూ, రెండు ఓడిన జట్టూ ఒకే చోట నిలిచాయి! అలాంటప్పుడు ఎన్ని గోల్స్ కొట్టారు, ఎన్ని ఇచ్చుకున్నారు అని తీసివేత చేసి చూస్తారు. పత్రికల్లో ఆటల పేజీలో ఈ పట్టీ ఉంటుంది. దొరికితే కూడబలుక్కుని చదివి చూడండి. పేర్లు తెలియకపోయినా అంకెలు తెలుస్తాయి.

లీగులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మెట్ల లాగా. అన్నిటికంటే పై మెట్టులో 20 జట్లు. దాని కింద మూడు మెట్లు, మెట్టుకు 24 జట్లు. ఈ నాలుగు మెట్లూ కలిపితే 92 క్లబ్బులు. ఇవి దేశమంతా తిరిగి ఆడతాయి. అయిదో మెట్టు కూడా దేశమంతటికీ ఒకటే. ఆరో మెట్టు దగ్గర దారి చీలుతుంది. ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి. ఏడో మెట్టులో నాలుగు లీగులు. ఎనిమిదిలో 8. తొమ్మిదిలో 16. చెట్టు వేళ్ళలాగా కిందికి పోయేకొద్దీ చీలుతూ పోతాయి.

ఎందుకు చీలాలి? చిన్న క్లబ్బుకు బస్సు ఖర్చులు భారం. కింది మెట్లలో ఆడేవాళ్ళు పగలంతా వేరే పని చేసుకునేవాళ్ళు. ఒకడు గోడలు కడతాడు. ఒకడు బడిలో చెబుతాడు. ఒకడు లారీ తోలుతాడు. సాయంత్రం వేళల్లో వారానికి రెండుసార్లు సాధన చేస్తారు. మంగళవారం రాత్రి 400 కిలోమీటర్లు పోయి ఆడి రమ్మంటే మర్నాడు పనికి ఎలా పోతారు? అందుకే దగ్గర దగ్గర ఊళ్ళను ఒక లీగులో కలుపుతారు.

ఏడాది చివర పైన నిలిచిన జట్లు ఒక మెట్టు ఎక్కుతాయి. అడుగున పడినవి ఒక మెట్టు దిగుతాయి. మైదానం కూడా సరిగా ఉండాలి. దీపాలు, కూర్చునే చోట్లు, ఆటగాళ్ళ గదులు ఉన్నాయా అని చూస్తారు. లేకపోతే ఆటలో గెలిచినా మెట్టు ఎక్కనివ్వరు. ఏమైనా తొమ్మిదో మెట్టులో ఉన్న చిన్న ఊరి క్లబ్బు కూడా ఏడాదికో మెట్టు ఎక్కుతూ పై మెట్టుకు చేరవచ్చు. కాగితం మీద దారి తెరిచే ఉంది. నడిచి చేరినవాళ్ళు చాలా తక్కువ.

కొత్త వింబుల్డన్ క్లబ్బుకు చోటు దొరికింది తొమ్మిదో మెట్టులోనే. కంబైన్డ్ కౌంటీస్ లీగు అని పేరు. లండన్ చుట్టుపక్కల పేటలు, చిన్న ఊళ్ళ జట్లు అందులో ఆడేవి. 14 ఏళ్ళ కిందట దేశంలోకెల్లా పెద్ద కప్పు గెలిచిన పేట అది. ఇప్పుడు పేరు ఊరు తెలియని జట్లతో కొత్తగా మొదలుపెట్టింది.

శనివారం మధ్యాహ్నం

ఆ మెట్టులో మామూలుగా ఒక ఆటకు 50 మంది, 100 మంది వస్తారు. మైదానం చుట్టూ ఇనుప కడ్డీ. ఒక పక్క రేకుల కప్పు. గేటు దగ్గర ఒక ముసలాయన కూర్చుని డబ్బు తీసుకుంటాడు. ఇంకొకరు పచ్చిక కోస్తారు, సున్నపు గీతలు గీస్తారు. టీ కాచేవాళ్ళు, బురద పట్టిన చొక్కాలు ఉతికేవాళ్ళు ఉంటారు. ఈ టీ, ఈ ఉతుకుడు చాలా చోట్ల ఆడవాళ్ళ మీదే పడేవి. ఎవరికీ జీతం లేదు. టిక్కెట్టు డబ్బు, టీ డబ్బు, లాటరీ చీట్ల డబ్బు, ఊళ్ళో దుకాణాలవాళ్ళు ఇచ్చే ప్రకటనల డబ్బు. వీటితోనే క్లబ్బు నడవాలి. వరసగా నాలుగు శనివారాలు వాన కురిసి ఆటలు ఆగితే ఆ నెల కరెంటు బిల్లు కట్టడమే కష్టం.

అలాంటి లీగులోకి వింబుల్డన్ అభిమానులు వేల సంఖ్యలో వచ్చిపడ్డారు. 2002 ఆగస్టులో శాండ్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో మొదటి లీగు ఆట. చూసేవాళ్ళు రెండువేల నాలుగువందలకు పైగా వచ్చారు. ఆ ఊరి క్లబ్బు అంత జనాన్ని ఎన్నడూ చూడలేదు. ఆ ఏడాది వింబుల్డన్ సొంత ఆటలకు సగటున 3,000 మందికి పైగా వచ్చారు. యజమానులు నడుపుతున్న పాత క్లబ్బు ఇంకా పై మెట్లలోనే ఆడుతున్నది. దానికి అంత మంది రాలేదు. కూర్చునే చోట్లు వేలకు వేలు ఖాళీగా ఉండిపోయాయి.

ఆ రద్దీ వల్ల లీగులోని మిగతా చిన్న క్లబ్బులకూ మేలు జరిగింది. వింబుల్డన్ తమ ఊరికి వచ్చిన రోజున ఏడాది టిక్కెట్ల డబ్బంతా ఒక్క పూటలో వచ్చిన క్లబ్బులున్నాయి.

ఒక మనిషికి ఒక ఓటు

ఈ కొత్త క్లబ్బుకు యజమాని ఎవరు? అభిమానుల సంఘం. దాని పేరు డాన్స్ ట్రస్టు. ఏడాదికి కొద్దిపాటి చందా కట్టినవాళ్ళు సభ్యులు. ఒక మనిషికి ఒకే ఓటు. కూలికి పోయేవాడికి ఒక ఓటు. బ్యాంకు మేనేజరుకూ ఒకటే ఓటు. ఎక్కువ డబ్బు ఇస్తే ఎక్కువ ఓట్లు ఉండవు. మన పొదుపు సంఘాల్లో సభ్యులంతా కూర్చుని తీర్మానం రాసుకున్నట్టే వాళ్ళూ రాసుకుంటారు. లెక్కలు సభలో చదివి వినిపిస్తారు.

ఓటు ఉంటే చాలదు, పని కూడా చేయాలి. ఎరిక్ శామ్యూల్సన్ అనే ఆయన చాలా ఏళ్ళు ఆ క్లబ్బు ముఖ్య అధికారిగా పనిచేశాడు. ఆయన పెద్ద కంపెనీలో లెక్కల పని చేసి వచ్చినవాడు. క్లబ్బులో ఆయన జీతం ఏడాదికి ఒక గినీ. గినీ అంటే ఒక పౌండు 5 పెన్నీలు. ఒక టీకి కూడా చాలని డబ్బు. వట్టి పౌండు కంటే గినీ అంటే దర్జాగా ఉంటుందని అలా పెట్టుకున్నాడట.

2003లో కింగ్స్‌మెడో అనే మైదానాన్ని కొనాల్సి వచ్చింది. అద్దెకు ఉంటే ఏమవుతుందో వాళ్ళకు బాగా తెలుసు. ఒకసారి కాలింది కదా. వాటాలు అమ్మకానికి పెట్టారు. అభిమానులే కొన్నారు. పది లక్షల పౌండ్లకు పైగా పోగైంది. మిగతాది అప్పు తెచ్చారు. పౌండు అంటే అక్కడి డబ్బు, మన రూపాయి కంటే చాలా విలువైనది.

ఆట కూడా కలిసివచ్చింది. 2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబరు వరకు లీగులో 78 ఆటలు ఓటమి లేకుండా ఆడారు. 2004లో ఒక మెట్టు ఎక్కారు. 2005లో ఇంకోటి. తర్వాత మూడేళ్ళు అక్కడే ఆగిపోయారు. 2008లో ఎక్కారు, 2009లో ఎక్కారు. 2011 మే నెలలో అయిదో మెట్టు నుంచి పైకి పోయే చివరి ఆట. ఎదుట లూటన్ జట్టు. గోల్స్ లేకుండానే ఆట ముగిసింది. అలాంటప్పుడు ఇద్దరికీ అయిదేసి తన్నులు ఇస్తారు. గోల్‌కీపరు ఒక్కడే అడ్డం. నాలుగు గోల్స్‌కు మూడు తేడాతో వింబుల్డన్ గెలిచింది. తొమ్మిదేళ్ళలో అయిదు మెట్లు. ఆ 92 క్లబ్బుల వరసలో మళ్ళీ చేరింది.

పాత క్లబ్బు ఏమైంది? 2003లో మిల్టన్ కీన్స్‌కు పోయింది. 2004లో పేరు కూడా మార్చుకుంది. 1988 కప్పు గెలుపు గుర్తులు మాత్రం దానిదగ్గరే ఉండిపోయాయి. వాటికోసం ఇంకో పోరు నడిచింది. 2007లో ఆ గుర్తులను వింబుల్డన్ ఉన్న మెర్టన్ మునిసిపాలిటీకి అప్పగించారు. 2012లో రెండు జట్లూ మొదటిసారి ఎదురుపడ్డాయి. మిల్టన్ కీన్స్ 2-1 తేడాతో గెలిచింది. వింబుల్డన్‌లో చాలామంది ఆ ఆట చూడడానికే వెళ్ళలేదు. ఆ మైదానంలో కాలు పెట్టం అన్నారు. వాళ్ళ కోపం పదేళ్ళకు కూడా చల్లారలేదు.

సొంత వీధికి రావడానికి ఇంకా సమయం పట్టింది. పాత మైదానం స్థలంలో అప్పటికే ఇళ్ళ భవనాలు లేచాయి. దాని పక్కనే కుక్కల పరుగు పందేలు జరిగే పాత స్టేడియం ఉండేది. అది మూతపడింది. ఆ చోట కొత్త మైదానం కట్టడం మొదలుపెట్టారు. మధ్యలో డబ్బు చాలలేదు. బయటి ధనవంతుల దగ్గర పెద్ద వాటా అమ్మాలా వద్దా అని సభ్యుల్లో గట్టి వాదన జరిగింది. అమ్మితే పని త్వరగా అవుతుంది. కానీ రేపు క్లబ్బు ఎవరిది? 2020లో అభిమానులే అప్పు పత్రాలు కొన్నారు. ఎవరికి తోచినంత వాళ్ళు క్లబ్బుకు అప్పు ఇచ్చారన్నమాట. 50 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. పెద్ద వాటా సంఘం చేతిలోనే ఉండిపోయింది.

2020 నవంబరు 3న ప్లవ్ లేన్ వీధిలో మళ్ళీ ఆట జరిగింది. 29 ఏళ్ళ తర్వాత! అయితే అది కరోనా కాలం. జనాన్ని రానివ్వలేదు. అన్నేళ్ళు చందాలు కట్టినవాళ్ళు ఇళ్ళలో కూర్చుని తెర మీద చూశారు. ఆ ఏడాదే ఆ అభిమానులు ఇంకో పని కూడా చేశారు. దుకాణాల ముందు నిలబడి తిండి సామాను పోగుచేసి, పనులు పోయినవాళ్ళ ఇళ్ళకు చేర్చారు. పాత కంప్యూటర్లు బాగుచేసి పిల్లల చదువుకు ఇచ్చారు.

2022లో ఆ జట్టు ఒక మెట్టు జారింది. 2025లో మళ్ళీ ఎక్కింది.

ఆడవాళ్ళ మాటేమిటి?

వింబుల్డన్ వాళ్ళు కొన్న కింగ్స్‌మెడో మైదానాన్ని తర్వాత చెల్సీ అనే పెద్ద క్లబ్బు కొన్నది. 2017 నుంచి అక్కడ చెల్సీ ఆడవాళ్ళ జట్టు ఆడుతూ వచ్చింది. అవును, ఆడవాళ్ళ జట్టే. ఈ ఆటలో ఆడవాళ్ళ కథ వందేళ్ళ పైబడినది.

1914 నుంచి 1918 వరకు మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. మగవాళ్ళు యుద్ధానికి పోయారు. ఫ్యాక్టరీలలో ఆడవాళ్ళు పనికి చేరారు. ప్రెస్టన్ అనే ఊళ్ళో డిక్ కెర్ అనే ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ తుపాకి గుండ్ల పని చేసే ఆడవాళ్ళు తిండి విరామంలో బంతి ఆడేవారు. 1917లో జట్టు కట్టారు. గాయపడ్డ సైనికుల కోసం ఆటలాడి డబ్బు పోగుచేశారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరంలో వాళ్ళ ఆట చూడడానికి 53,000 మంది వచ్చారు. ఇంకా వేలమందికి లోపల చోటు దొరకలేదు.

మరుసటి ఏడాదే, 1921 డిసెంబరు 5న, ఎఫ్.ఏ. సంఘం ఒక తీర్మానం చేసింది. ఫుట్‌బాల్ ఆడవాళ్ళకు తగిన ఆట కాదు అన్నది. తమ సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళను ఆడనివ్వరాదని ఆజ్ఞ వేసింది. ఆ సంఘంలో ఆడవాళ్ళకు ఓటు లేదు. మంచి మైదానాలన్నీ ఆ క్లబ్బులవే. దాంతో ఆడవాళ్ళు పార్కుల్లో, పొలాల్లో ఆడుకోవాల్సి వచ్చింది. ఆ నిషేధం 1971 నాటికి గానీ పోలేదు. దాదాపు 50 ఏళ్ళు. ఆడపిల్ల పుట్టి, పెరిగి, అమ్మమ్మ అయ్యేంత కాలం.

నిషేధం పోయినా డబ్బు దగ్గర తేడా పోలేదు. చాలా క్లబ్బుల్లో మగ జట్టుకు పోగా మిగిలినదే ఆడ జట్టుకు ఇచ్చేవారు. చాలా చోట్ల ఏమీ మిగిలేది కాదు.

లూయిస్ ఊళ్ళో జరిగింది

ఇంగ్లండు దక్షిణాన, సముద్రానికి దగ్గరలో లూయిస్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి క్లబ్బు 1885లో పుట్టింది. మైదానానికి వింత పేరు, డ్రిప్పింగ్ పాన్. మాంసం కాల్చేటప్పుడు కారే కొవ్వు పట్టే పళ్ళెం అని అర్థం. చుట్టూ మట్టి గట్లు, మధ్యలో పల్లంగా పచ్చిక. నిజంగానే పళ్ళెం లాగే ఉంటుంది.

ఆ క్లబ్బు అప్పుల్లో పడింది. 2010లో ఊరివాళ్ళు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. అక్కడా వింబుల్డన్ పద్ధతే. ఒక సభ్యుడికి ఒక ఓటు. ఆడవాళ్ళకూ అంతే.

2017 జూలైలో ఆ క్లబ్బు ఒక నిర్ణయం ప్రకటించింది. మగ జట్టుకు ఎంత ఖర్చు పెడితే ఆడ జట్టుకూ అంతే పెడతాం అన్నది. అదే మైదానం ఇద్దరికీ. అదే పచ్చిక, అవే గదులు. జీతాలతో ఆడే క్లబ్బుల్లో అలా చేసింది అదే మొదటిది. అప్పటికి మగ జట్టు ఎనిమిదో మెట్టులో ఉంది. డబ్బు పంచితే మగ జట్టు కింద పడుతుందేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. మరుసటి ఏడాది, 2018లో, ఆ మగ జట్టు ఒక మెట్టు ఎక్కింది. అదే ఏడాది ఆడ జట్టుకు ఆడవాళ్ళ లీగుల్లో రెండో మెట్టులో చోటు వచ్చింది.

ఆడవాళ్ళకు వేరే మెట్ల వరస ఉంది. వాళ్ళ పై మెట్లలో పెద్ద పెద్ద క్లబ్బుల జట్లు ఉన్నాయి. ఆ క్లబ్బుల వెనక కోటీశ్వరులు ఉన్నారు. లూయిస్ వెనక ఉన్నది చందాలు కట్టే జనం. అయినా 2023 మార్చిలో లూయిస్ ఆడ జట్టు ఎఫ్.ఏ. కప్పులో చివరి 8 జట్లలో నిలిచింది. మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ఆ పళ్ళెం మైదానానికి వచ్చి ఆడాల్సి వచ్చింది. లూయిస్ 3-1 తేడాతో ఓడింది. ఆ కప్పులో ఆడవాళ్ళకు ఇచ్చే బహుమతి డబ్బు మగవాళ్ళకు ఇచ్చేదానిలో చిన్న ముక్క. ఆట అదే, కప్పు పేరు అదే, డబ్బు ఎందుకు వేరు అని లూయిస్ క్లబ్బు ఆట పెద్దలను నిలదీసింది.

ఆ ఏడాదే బయటి పెట్టుబడిదారులు కొందరు బేరానికి వచ్చారు. ఆడ జట్టులో పెద్ద వాటా కొంటాం, డబ్బు పెడతాం అన్నారు. డబ్బు అవసరమే. రెండో మెట్టులో నిలబడడమే కష్టమవుతున్నది. కానీ వాటా పోతే ఒక మనిషికి ఒక ఓటు అన్న పద్ధతి ఏమవుతుంది? క్లబ్బులో వాదనలు జరిగాయి. చివరికి ఆ బేరం కుదరలేదు.

2024లో ఆడ జట్టు రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు దిగింది. దిగిన మెట్టులో దక్షిణ ప్రాంతపు లీగు. ప్రయాణాలు తక్కువ, చూసే జనం తక్కువ, వచ్చే డబ్బు తక్కువ. ఆగస్టులో మళ్ళీ సున్నా పాయింట్ల నుంచి మొదలుపెట్టారు.